ఒక ఎకరం రాగి చేనులో ఎన్ని ఇళ్లు పడతాయి? చిన్నపిల్లలకు నగర విస్తరణ పాఠం

వైట్‌ఫీల్డ్, వర్తూరు, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పెరుగుతున్న బెంగళూరు తెలుగు పిల్లల్లో చాలామంది ఇళ్లు ఒక తరం కిందట రాగి చేనుగానో చెరువు ఆయకట్టుగానో ఉన్న నేల మీద ఉన్నాయి. ఆ సంగతి పిల్లలకు తెలియదు. వాళ్లు పుట్టేసరికే అక్కడ సిమెంటు రోడ్డు ఉంది. కాని వేసవిలో నీళ్ల ట్యాంకర్ కోసం ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్లు చేయడం వాళ్లు చూస్తారు. బడి బస్సు కదలకుండా నిలిచిపోవడం చూస్తారు. పెద్ద వాన పడితే వీధి ఎందుకు మునిగిందని అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు దాదాపు ఒకేచోట దొరుకుతుంది: చుట్టూ ఉన్న నేలను ఎవరు, దేనికి, ఏ వరుసలో వాడారు? ఎనిమిదేళ్ల పిల్లలకు ఇది అర్థమయ్యేలా చెప్పవచ్చు. బెంగళూరులాంటి నగరంలో చెప్పి తీరాలి.

చెప్పే తీరులోనే చిక్కుంది. మనం సాధారణంగా పర్యావరణ పాఠాన్ని నీతికథగా మార్చేస్తాం. మనుషులు అత్యాశపడ్డారు, చెట్లు నరికారు, చెరువులు మింగారు, అందుకే కష్టాలు వచ్చాయి అంటాం. పిల్లలు బుద్ధిగా తలూపుతారు, చెట్టు బొమ్మ గీసి కింద నినాదం రాస్తారు. కాని అదే తరగతిలో ఒక పిల్లవాడి నాన్న అనంతపురం నుంచి వచ్చి ఇళ్లు కట్టే మేస్త్రీ అయి ఉండవచ్చు. ఒక పాప తాత తన రెండెకరాలు అమ్మి మనవళ్లను చదివిస్తూ ఉండవచ్చు. మరొకరి అమ్మ బెళ్లందూరు దగ్గరి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ, అప్పు చేసి అపార్ట్‌మెంట్ కొని ఉండవచ్చు. నీతికథ చెప్పిన మరుక్షణం వీళ్లంతా తమ ఇంటివాళ్లే దోషులని అనుకోవలసి వస్తుంది. అది క్రూరం, పైగా నిజం కూడా కాదు. నేల వాడకం మనుషుల నిర్ణయం. ఒక్కొక్క నిర్ణయాన్ని విడిగా చూస్తే చాలావరకు సబబుగానే ఉంటుంది. అవన్నీ కలిసినప్పుడు ఏమవుతుందో ముందుగా లెక్క వేసేవాళ్లు లేకపోవడం వల్లే నగరం చెదిరిపోతుంది, అంటే ఒక పద్ధతి లేకుండా పరుచుకుపోతుంది. ఈ పాఠంలో పిల్లల చేతికి అందవలసింది ఆ లెక్క.

ముందుగా ఒక తేడా తెలియాలి. పైనుంచి చూస్తే నేల మీద ఏముందన్నది ఒక ప్రశ్న, ఆ నేలతో మనుషులు ఏం చేస్తున్నారన్నది వేరే ప్రశ్న. గోల్ఫ్ మైదానం, రాగి చేను, ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్‌లో మొలిచిన గడ్డి, మూడూ పైనుంచి పచ్చగానే కనిపిస్తాయి. మొదటిది ఆటకు, రెండోది తిండికి. మూడోది ధర పెరిగేదాకా అట్టిపెట్టిన సొత్తు. మాస్టర్ ప్లాన్ పటాల్లో నివాసాలకు పసుపు, వ్యాపారానికి నీలం, పార్కులకు ఆకుపచ్చ ఇలా రంగులు వేసేది ఈ రెండో ప్రశ్నకు జవాబుగానే. పిల్లలను తమ వీధి పటం గీయమని, ఇల్లు, దుకాణం, గుడి, ఖాళీ సైటు (ఇంటిస్థలం), వర్క్‌షాపు, చెత్త పోసే మూల దేనికది రంగు వేయమని చెప్పండి. ఖాళీ సైటుకు ఏ రంగు వేయాలన్న దగ్గర తరగతిలో వాదన వస్తుంది. రావాలి కూడా.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పైనుంచి చూసే చూపు ఇంకా అలవడదు. వాళ్లకు ముందుగా తమ బల్లను, తరవాత తరగతి గదిని పైనుంచి చూసినట్టు గీయించాలి. ఉపగ్రహ చిత్రం అప్పుడే చూపితే అది వాళ్లకు రంగురంగుల మచ్చ మాత్రమే. నాలుగో తరగతికి వచ్చాక గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి ఏడాది ఏడాదికీ మారిన చిత్రాలను వరసగా చూపవచ్చు. 1973లో బెంగళూరులో నిర్మాణాల కింద ఉన్న నేల పదో వంతు కూడా లేదని, ఇప్పుడు అది సగం దాటిపోయిందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) పరిశోధకులు లెక్కకట్టింది ఇలాంటి ఉపగ్రహ చిత్రాలతోనే.

ఇప్పుడు అసలు పాఠం. దీనికి కావలసినవి ఏ4 కాగితాలు, కత్తెర, స్కేలు, కొంచెం నూలుదారం. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. దాన్ని 21 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, ఒక సెంటీమీటరును పది అడుగులుగా లెక్కపెడితే అది 210 అడుగుల చదరం అవుతుంది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు, అంటే ఈ కాగితానికి ఒక పిసరు తక్కువ. బెంగళూరు చుట్టుపక్కల రైతులు ఎకరానికి నలభై గుంటలంటారు. 33 అడుగుల చదరం ఒక గుంట. ఇక మన తెలుగు ఇళ్లలో రోజూ వినిపించే ముప్పై నలభై అడుగుల సైటు ఈ కొలతలో మూడు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవు ఉన్న చిన్న ముక్క.

కాగితం మీద ముందుగా చేను గీయించండి. రాగి, మధ్య సాళ్లలో అనుములు, గట్టున ఒక చింతచెట్టు. తరవాత సైటు ముక్కలను పేర్చమనండి. ఏడేసి చొప్పున ఐదు వరుసలు, మొత్తం 35 పడతాయి. పిల్లలకు సంతోషం. అప్పుడు ఒక్క ప్రశ్న అడగాలి: నడుమ ఇంట్లో ఉన్న అవ్వకు జ్వరం వస్తే అంబులెన్సు ఎలా వెళ్తుంది? రోడ్డు కావాలి. ముప్పై అడుగుల రోడ్డంటే మూడు సెంటీమీటర్లు. ముక్కలు తీయడం మొదలవుతుంది. వాన నీరు పోయే కాలువ, పార్కు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, చెత్తబండి మలుపు తిరిగే చోటు ఒక్కొక్కటీ వచ్చేసరికి సైట్లు 18 నుంచి 20 దగ్గర ఆగుతాయి. ఏ జట్టయినా పార్కు తీసేసి ఇంకో రెండు సైట్లు ఇరికిస్తే, వాళ్లను తిట్టకండి. ఆ రెండు సైట్లు ఎవరికి లాభం, పార్కు లేకపోతే ఎవరికి నష్టం అని మాత్రం అడగండి. బెంగళూరు శివార్లలో పార్కుకు, కాలువకు చోటు వదలకుండా, సరైన అనుమతి లేకుండా పుట్టిన లేఅవుట్లు ఎలా పుట్టాయో పిల్లలకు ఆ ఒక్క ప్రశ్నతోనే తెలిసిపోతుంది. ఇలా అనుమతుల్లో లోపాలున్న స్థలాలకు నగరపాలిక విడిగా రాసుకునే బి ఖాతా అంటే ఏమిటో వాళ్లకు చెప్పే అవసరం ఇప్పుడే లేదు.

ఇది అయ్యాక రెండో ప్రశ్న. ఇరవై కుటుంబాలకు ఇళ్లు కావాలి, అయినా చేనులో వీలైనంత భాగం చేనుగానే ఉండాలి. ఎలా? కొంతసేపటికి ఎవరో ఒకరు ముక్కలను ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నాలుగు అంతస్తులు వేస్తే ఐదు సైట్లలో ఇరవై కుటుంబాలు పడతాయి. కాగితంలో మూడొంతులు రాగి మిగులుతుంది. నేల మీద పరుచుకోవడానికి, పైకి పెరగడానికి ఉన్న తేడా పిల్లలు చేతులతో పట్టుకునేది ఇక్కడే.

కాని ఇక్కడే ఆపితే పాఠం తప్పుదారి పడుతుంది. ఎత్తుగా కట్టడమే మందు అయితే సర్జాపుర రోడ్డు పొడవునా లేచిన భవనాలు ఆ రోగాన్ని ఎప్పుడో నయం చేసి ఉండాలి. చేల నడుమ ఒంటరిగా నిలబడ్డ ఇరవై అంతస్తుల భవనం కూడా నగరం చెదిరిపోవడంలో భాగమే. సంగతి ఎత్తుది కాదు, దూరానిది. అందుకే నూలుదారం. తరగతి నేల మీద ఒక మూల బడి, ఆసుపత్రి, నీళ్ల ట్యాంకు, బస్టాండు ఉన్నాయనుకొని గుర్తు పెట్టండి. పది ఎకరాల కాగితాలు ఒక జట్టుకు, పది ఇంకో జట్టుకు ఇవ్వండి. మొదటి జట్టు ఆ మూలకు ఆనించి ఒకదాని పక్కన ఒకటి పేర్చాలి. రెండో జట్టు ఎవరికి చవకగా ఎక్కడ దొరికితే అక్కడ, మధ్య ఖాళీలు వదిలి, గది నిండా పరచాలి. తరవాత ప్రతి కాగితానికీ ఆ మూలనుంచి దారం లాగాలి. దారమే రోడ్డు, అదే నీటి గొట్టం, అదే మురుగు కాలువ, అదే బస్సు తిరిగే దూరం. రెండు జట్ల దారాలనూ విప్పి పక్కపక్కన పరిస్తే తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. కుటుంబాల సంఖ్య ఒకటే, ఖర్చు ఒకటి కాదు. నగర విస్తరణ గురించి పెద్దల పుస్తకాల్లో ఉన్న సారం చాలావరకు ఆ దారంలో ఉంది.

దారం పాఠానికి బెంగళూరు చరిత్రలో నేరుగా సరిపోయే ఉదాహరణ ఉంది. 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడినప్పుడు పాత నగరంతోపాటు ఏడు పురపాలక సంఘాలను, కెంగేరి పట్టణాన్ని, 110 గ్రామాలను కలిపారు. అప్పటికే ఆ గ్రామాల్లో లేఅవుట్లు లేచాయి, కుటుంబాలు దిగాయి. ఆ 110 గ్రామాల కోసం చేపట్టిన కావేరి ఐదో దశ నీటి పథకం ప్రారంభమైంది 2024 అక్టోబరులో. నగరంలో చేరడానికీ గొట్టం రావడానికీ మధ్య పదిహేడేళ్లు. ఆ నడుమ కాలమంతా బోర్లు, ట్యాంకర్లు. బోర్లు ఎండిన 2024 వేసవిలో ఏం జరిగిందో ఈ పిల్లల్లో చాలామంది కళ్లారా చూశారు. పైగా ఆ కావేరి నీరు ఊరికే పారుకుంటూ రాదు. దాదాపు వంద కిలోమీటర్ల దూరం, సుమారు అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కిస్తారు. నగరం అంచు ఒక కిలోమీటరు జరిగిందంటే ఆ నీటి ప్రయాణం కూడా అంత పెరిగిందన్నమాట.

ఇంత కష్టమైతే జనం దూరంగా ఎందుకు వెళ్తారు? పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఉపన్యాసం ఇవ్వకుండా పాత్రలు ఇవ్వడం మేలు. ఒకరు రైతు: వర్షాలు నమ్మలేడు, బోరు వెయ్యి అడుగులు దిగినా నీరు లేదు, అన్నదమ్ముల వాటాల్లో భూమి ముక్కలైంది, కూతురి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. ఒకరు కొనేవారు: అద్దె ఏటా పెరుగుతోంది, నగరం నడుమ సైటు ధర అందనంత ఎత్తులో ఉంది, ఇరవై కిలోమీటర్ల అవతల అందుతుంది. ఒకరు కంపెనీ: వెయ్యిమంది కూర్చునే భవనానికి చోటు వెలుపలే దొరుకుతుంది. ఒకరు ప్రభుత్వం: రోడ్డు వేయమని అందరూ అడుగుతున్నారు, వేస్తే దాని పక్కన భూమి ధర పెరిగి మరిన్ని లేఅవుట్లు వస్తాయి. ఇక ఐదో పాత్ర మరచిపోవద్దు: ఆ భవనం కట్టే కూలీల కుటుంబం. రేకుల షెడ్డులో ఉంటుంది, పని అయిపోగానే ఇంకా బయటికి కదులుతుంది. రాయలసీమ నుంచి, పాలమూరు నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాల కథ అది. ప్రతి పాత్రా తనకేం కావాలో చెప్పాక, అందరికీ కొంత దక్కేలా ఏం మార్చవచ్చో తరగతి ఆలోచించాలి. చిన్నపిల్లలు తెలివైన జవాబులు చెబుతారు. కంపెనీని బడి దగ్గరికి తెమ్మంటారు, బస్సు ఎక్కువ వేయమంటారు, నగరం లోపల ఖాళీగా పడి ఉన్న సైట్లలో ముందు ఇళ్లు కట్టమంటారు. ప్రణాళిక రచయితలు చెప్పే పరిష్కారాలూ ఇవే.

నీటి వాలు గురించిన పాఠం వేరేగా కావాలి. దానికి మన అవ్వాతాతలే మంచి గురువులు. బెంగళూరుకు పెద్ద నది లేదు. ఎత్తయిన గడ్డ మీద ఉన్న ఊరు, నీరు హెబ్బాళ, కోరమంగళ-చల్లఘట్ట, వృషభావతి అనే మూడు లోయల్లోకి జారిపోతుంది. ఆ జారుడు మీద పూర్వీకులు కట్టలు వేసి చెరువులు కట్టారు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు, అక్కడినుంచి ఇంకో దానికి. రాయలసీమలో పెరిగిన ఏ తాతనడిగినా గొలుసుకట్టు చెరువులు అంటే ఏమిటో చెబుతారు. కట్ట, తూము, అలుగు, ఆయకట్టు అన్నీ బొమ్మ గీసి చూపుతారు. అలాంటి తాతను ఒక రోజు తరగతికి పిలవండి.

బడి మెట్ల మీద ఒక్కో మెట్టుకు ఒక పళ్లెం పెట్టి, పై పళ్లెంలో నీళ్లు పోస్తే గొలుసుకట్టు కళ్లముందు నడుస్తుంది. ఇప్పుడు రెండు పళ్లేల నడుమ దారికి అడ్డంగా ఇటుకలు పెట్టండి. ఆ ఇటుకలే ఇళ్లు, అడ్డుపడింది రాజకాలువకు, అంటే చెరువు నుంచి చెరువుకు వాన నీరు పారే పెద్ద కాలువకు. నీరు ఇటుకలను తడిపి పక్కకు మళ్లుతుంది. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు, యమలూరు ప్రాంతాలు మునిగి, జనాన్ని ట్రాక్టర్ల మీద తీసుకెళ్లినప్పుడు జరిగింది చాలావరకు ఇదే. దాంతోపాటు రెండు ట్రేలు కావాలి: ఒకదానిలో గడ్డి ఉన్న మట్టి, ఇంకోదానిలో బండ లేదా టైలు. రెండింటినీ ఒకే వాలులో ఉంచి చెంబెడు చొప్పున నీళ్లు పోసి, కింద గిన్నెలో ఎంత, ఎంతసేపట్లో చేరిందో కొలిపించండి. టైలు మీది నీరు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మట్టి కొంత తాగి, మిగిలింది నిదానంగా వదులుతుంది. వాన మునుపటంతే పడినా వీధి ఎందుకు మునుగుతుందో, అదే ఏడాది వేసవిలో బోరు ఎందుకు ఎండుతుందో ఈ రెండు గిన్నెలు కలిపి చెబుతాయి.

చెరువులు ఏమయ్యాయో చెప్పేటప్పుడు కూడా అవి వాటంతట అవే మాయమైనట్టు చెప్పవద్దు. మెజెస్టిక్ బస్టాండు ఉన్న చోట ధర్మాంబుధి చెరువు ఉండేది. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు నేల మీద ఉంది. ఆ చెరువులో చిన్న మడుగంత భాగాన్ని మాత్రం నగరంలో ఏటా జరిగే కరగ ఉత్సవం కోసం నిలిపి ఉంచారు. కోరమంగళ చెరువు నేలలో జాతీయ క్రీడల గ్రామం వచ్చింది. బస్టాండు అవసరమే, ఆటలూ అవసరమే. నీరు వేరేచోట నుంచి వస్తుంది కదా అన్న ధీమాతో తీసుకున్న నిర్ణయాలివి. ఆ రోజు మీరు ఉంటే ఏం అడిగేవారు అని పిల్లలను అడగవచ్చు.

నగరం పెరగడమే తప్పని మాత్రం పిల్లలు అనుకోకూడదు. 1537లో కెంపేగౌడ కట్టిన కోట, పేట పెరుగుతూనే వచ్చింది. 1898లో ప్లేగు వచ్చాక ఇరుకైన పేట నుంచి జనాన్ని బయటికి తేవడానికి బసవనగుడి, మల్లేశ్వరం విస్తరణలను వీధులు ముందుగా గీసుకొని కట్టారు. అదీ విస్తరణే, కాని రోడ్డు, పార్కు, అంగడి, బడి ముందు ఆలోచించిన విస్తరణ. 1971లో పదిహేడు లక్షల లోపున్న జనాభా 2011 నాటికి 85 లక్షలైంది. అంతమందికి ఇళ్లు కావాలి, మన తెలుగువాళ్లకూ కావాలి. ప్రశ్న పెరగాలా వద్దా అన్నది కాదు, ఎటు, ఏ వరుసలో అన్నది.

మన చెత్త ఎక్కడికి పోతుందన్నది కూడా నేల వాడకమే. నగరం చెత్తను ఏళ్లతరబడి మోసిన మండూరు గ్రామస్థులు ఎదురు తిరిగాక 2014 చివర్లో అక్కడ పోయడం ఆపారు. ఐదో తరగతి పిల్లలకు ఇది చెప్పాలి, వాళ్లకు న్యాయం గురించి పట్టుదల ఉండే వయసది.

అదే వయసు పిల్లలకు నగరానికి ఉత్తరాన ఉన్న దేవనహళ్లి సంగతి నడుస్తున్న పాఠంగా ఇవ్వవచ్చు. 2008లో విమానాశ్రయం వచ్చాక అక్కడి ద్రాక్షతోటలు, పంపర పనస తోటల నేల విలువే మారిపోయింది. అక్కడి చన్నరాయపట్టణ హోబళిలో (కొన్ని గ్రామాలు కలిసిన రెవెన్యూ విభాగంలో) పరిశ్రమల కోసం 1,777 ఎకరాలు సేకరించాలని ప్రభుత్వం తలపెడితే, రైతులు మూడేళ్లకు పైగా నిరసన సాగించారు. 2025 జులైలో ప్రభుత్వం ఆ సేకరణను విరమించుకుంది, ఇష్టపడి ఇచ్చే రైతుల నుంచి మాత్రం తీసుకుంటామంది. సగం తరగతి పరిశ్రమ వస్తే దొరికే ఉద్యోగాల పక్షాన, సగం తోటల పక్షాన మాట్లాడాలి. తరవాత పక్షాలు మార్చుకొని మళ్లీ మాట్లాడాలి. ఉపాధ్యాయులు తమ తీర్పు చెప్పకపోవడం మంచిది. కాని పటం తప్పకుండా గోడకు తగిలించాలి, ఎకరాన్ని కాగితంగా కొలిచిన పిల్లలు 1,777 కాగితాలకు ఎంత చోటు పడుతుందో లెక్కవేయకుండా ఉండరు.

బయటికి తీసుకెళ్లగలిగితే సర్జాపుర రోడ్డు మీది కైకొండ్రహళ్లి చెరువు చక్కటి చోటు. చుట్టుపక్కల నివాసులు, నగరపాలిక కలిసి బాగుచేసుకున్న చెరువు అది. కట్ట మీద నిలబెట్టి నీరు ఎటునుంచి వస్తుంది, నిండితే ఎటు పోతుందని వెతకమనండి. వాన పడిన మరునాడు వెళ్తే ఇంకా బాగుంటుంది, కాలువల అంచులకు మాత్రం పిల్లలను పోనివ్వవద్దు. ప్రతి పిల్లవాడి చేతిలో అట్ట, పెన్సిలు ఉండాలి, తిరిగొచ్చాక రంగులు వేయడానికి ఒక పూట కేటాయించాలి.